టీవీలో చూపించిన హోటళ్లకి పనిగట్టుకుని వెళ్లినోళ్లు ఎవరన్నా ఉన్నారా? (ఒంగోలు, కావలి, నెల్లూరు)

కనిగిరి అల్లుడు

నమస్తే అందరికీ. మే రెండో వారంలో కార్లో హైదరాబాదు నుంచి కనిగిరి, అక్కణ్ణుంచి ఒంగోలు మీదుగా నెల్లూరు దాకా ఒక రౌండ్ వేద్దామని ప్లాన్. ప్లాన్ నాది కాదు, మా అత్తగారిది. ఆదివారం పొద్దున టీవీలో ఒక హోటళ్ల ప్రోగ్రాం వస్తది చూశారో లేదో, యాంకరమ్మాయి ఊరూరా తిరిగి చిన్నచిన్న మెస్సుల్లో, టిఫిన్ సెంటర్లలో కూర్చుని తింటా కళ్లు మూసుకుని అబ్బబ్బబ్బ అంటా ఉంటది, మా అత్తగారు అది ఒక్క వారం కూడా వదలరు. చూసి ఊరుకుంటే పర్లేదు, గ్యాసు బుక్కు వెనకాల అట్ట మీద పేర్లు, ఏ సెంటరు, ఏ గుడి పక్కన అన్నీ రాసి పెట్టుకున్నారు. ఆవిడకి 68 ఏళ్లు, మోకాళ్లు నొప్పులు, అయినా చేపల పులుసు కోసం నెల్లూరు పోదాం అంటే మాత్రం ముందు సీట్లో కూర్చుంటారు.

లిస్టులో మనవైపువి నాలుగు ఉన్నాయి. ఒంగోల్లో ఒక భోజనం హోటలు, కావలి దగ్గర హైవే మీద ఒక దాబా, నెల్లూర్లో ట్రంకు రోడ్డు పక్క సందులో కారం దోశల టిఫిన్ సెంటరు, మైపాడు రోడ్డు వైపు చేపల పులుసు మెస్సు. పేర్లు రాయట్లేదు, ఎందుకంటే బాగోకపోతే తిట్టినట్టు అవుద్ది.

నా భయం ఏందంటే పోయినేడు ఇట్టాగే టీవీ చూసి హైవే మీద ఒక హోటలుకి పోయాం. యాంకరు తింటా ఉన్న ఫోటో పెద్ద ఫ్లెక్సీ కట్టారు, వాళ్ల వంటిల్లు ఆ ఫ్లెక్సీలో సగం కూడా ఉండదు. చేపల పులుసు 280 రూపాయలు, పులుసు పొగలు కక్కతా ఉంది, ముక్క తుంచితే లోపల జిల్లుమంటా ఉంది, అంటే ఫ్రిజ్జులోంచి తీసి ఓవెన్లో తిప్పి పెట్టారన్నమాట. అత్తగారు ఒక ముద్ద తిని పెరుగు వేయించుకున్నారు. తర్వాత కార్లో గంటసేపు ఎవరూ మాట్లాడలా. చివరికి "టీవీలో అట్టా లేదే" అని ఒక్క మాటన్నారు, అది నన్నే అన్నట్టు ఉంది నాకు, నేనేదో వండినట్టు.

ఇప్పుడు నేనడిగేది, ఇట్టా టీవీ లిస్టు పట్టుకుని వెళ్లినోళ్లు ఎవరన్నా ఉంటే నిజంగా బాగుందా, ఏ టైముకి పోవాల, ఆదివారం పోవచ్చా, ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు వాళ్లు కారం తినరు, అత్తగారు శనివారం నీచు ముట్టరు, ఇవన్నీ కలిపి ఎట్టా సెట్ చేసుకోవాలో రొంత చెప్పండి.

మైపాడు గాలి

మే నెలలో వంజరం పులుసుకి నెల్లూరు వస్తారా అన్నా? టీవీ వాళ్లు ఏ సంక్రాంతికో తీసుంటారు, మీరు ఎండాకాలంలో చూసి బయల్దేరతా ఉండారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరం అంతా వేట బంద్. 61 రోజులు. చేప గుడ్లు పెట్టే కాలం అని గవర్నమెంటు ఆపేస్తది, మర బోట్లు, ఇంజన్ బోట్లు ఏవీ పోకూడదు, తెడ్డేసుకునే నాటు పడవలకి అడ్డు లేదు గానీ అవి తెచ్చేది ఊళ్లోకే చాలదు. పడమటి తీరంలో బంద్ జూన్ 1న మొదలవుద్ది కాబట్టి మేలో మీకు ప్లేట్లోకి వచ్చే వంజరం ఐసు పెట్టెలో లారీ ఎక్కి వచ్చిందే అయ్యుంటది, లేదా ముందే కొని దాచింది. తప్పని కాదు, దానికోసం హైదరాబాదు నుంచి రావాల్సిన పని లేదంటా ఉండా.

చెరువు చేపకి ఏ ఢోకా లేదు. కొరమేను, బొచ్చె, శీలావతి ఏదైనా తినండి. ఇంకోటి, మేలో సముద్రం చేప లేకపోయినా పుల్లటి మామిడికాయ ఉంటది కదా, నెల్లూరు పులుసుకి అసలు ప్రాణం అదే. లోపలికి పోయి కూర్చునే ముందు "ఈరోజు చేప ఏంది" అని అడగండి. "ఏది కావాలంటే అది ఉంది సార్" అంటే చెప్పులు ఏసుకుని బయటికి రండి.

పులుసు సంగతి కూడా రొంత చెప్తా. అది పొద్దున వండి మధ్యాన్నం తినే కూర కాదు. మా ఇంట్లో ముందురోజు సాయంత్రం మట్టిసట్టిలో చింతపండు పులుసు చిక్కగా మరిగిస్తారు, మరిగినాక ముక్కలు ఏస్తారు, ముక్క పడినాక ఇంక గరిటె పెట్టేది లేదు, గుడ్డ పెట్టి సట్టిని రెండు చేతులతో పట్టుకుని తిప్పడమే. దించే ముందు మామిడికాయ టెంకతో సహా ఏస్తారు. రాత్రంతా అట్టా వదిలేస్తే పొద్దుటికి ముక్క లోపలిదాకా పులుపు, ఉప్పు, కారం పడతాయి. వేడన్నంలో చల్లారిన పులుసు, అదీ దాని లెక్క. ముక్క చల్లగా ఉంటే తప్పేం కాదన్నా, ఫ్రిజ్జులో గడ్డకట్టించి ఓవెన్లో తిప్పడం తప్పు. "ఇప్పుడే దించాం సార్" అన్నోళ్లని నేనైతే నమ్మను.

ఒంగోలు గిత్త

ఎప్పుడూ ఇంతే, నెల్లూరు పులుసు, నెల్లూరు దోశ, ఒంగోలు వచ్చేసరికి పెట్రోలు కొట్టించుకుని పోతారు. నార్కెట్‌పల్లి, అద్దంకి రోడ్డున వచ్చేటోళ్లు మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కితే ఒంగోలు ఎంతసేపు? మీరు కనిగిరి నుంచి వస్తారు కాబట్టి ఇంకా నయం. శనివారం నీచు లేదన్నారుగా, ఆ రోజు ఒంగోల్లో శాకాహార భోజనానికి పెట్టుకోండి. పన్నెండున్నరకల్లా ఉంటే పప్పు మొదటి బొచ్చెలోది దొరుకుతుంది, రెండు దాటితే నీళ్లు కలిపింది వస్తుంది, ఇది ఏ ఒక్క హోటలుకో కాదు అన్నిటికీ. వెళ్తా వెళ్తా అల్లూరయ్య మైసూరుపాకు కట్టించుకోండి, దానికి ఏ యాంకరూ చెప్పక్కర్లేదు, మా తాతల నాటి నుంచి ఒంగోలు వచ్చిన చుట్టం చేతిలో ఆ పెట్టె ఉండాల్సిందే. నెయ్యి వేలికి అంటద్ది, కార్లో సీటుకి తుడవకండి.

మైపాడు గాలి

బొచ్చెలో పప్పేంది అన్నా, మాకు బొచ్చె అంటే చేప 😄

ఒంగోలు గిత్త

మీకు కనపడేదంతా చేపే.

గల్లాపెట్టె

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి పోతుంటా. ఇది చూసి ఆగలేకపోయా. మాదే ఒక మెస్సు, ఏ ఊరో చెప్పను, మా మీదకి కూడా ఆ టీవీ వాళ్లు వచ్చారు (ఏ చానలో అడగొద్దు). లోపలి సంగతి చెప్తా.

మాది చిన్నది, ఎనిమిది టేబుళ్లు. అమ్మ వంట, నాన్న గల్లాలో, నేను డిగ్రీ అయిపోయి వడ్డన. రోజుకి 15 కిలోల చేప, పులుసు ఒకటి, వేపుడు ఒకటి, పప్పు, రసం, పెరుగు. అంతే మెనూ. షూటింగు వాళ్లు సాయంత్రం నాలుక్కి వచ్చారు, మాకు అప్పటికి సట్టిలు కడిగేసి ఉన్నాయి. ఆకు నిండుగా కనపడాల అన్నారు. పీతలు, రొయ్యలు, గోంగూర మాంసం, ఇంకేదో వేపుడు, ఇవేవీ మేం అమ్మం, నాన్న బండేసుకుని పోయి తెచ్చాడు, అమ్మ అప్పటికప్పుడు చేసింది. పులుసు మీద నూనె తేలాల, అప్పుడే కెమెరాలో మెరుస్తది అని పైన ఒక గరిటె నూనె పోయించారు. యాంకరమ్మాయి మంచిదే, నిజంగానే ఆకలి మీదుంది పాపం, కెమెరా ఆపినాక కూడా పెరుగన్నం అడిగి తినింది. అయితే ఆ ప్లేటు మా ప్లేటు కాదు.

ఎపిసోడ్ వచ్చిన వారం నుంచి కార్లు. అందరూ "టీవీలో ఇచ్చింది ఇవ్వండి". లేదంటే కోపం. రోజూ వచ్చే డిపో డ్రైవర్లు, మునిసిపాలిటీ వాళ్లు బయట ఎండలో నిలబడ్డారు, రెండు మూడు రోజులు చూసి వేరే చోటికి మళ్లారు. మేమూ ఆశపడ్డాం, అబద్ధం ఎందుకు, 15 కిలోలు 40 కిలోలు చేశాం. పైన మైపాడు అన్న చెప్పాడే రాత్రంతా వదలాలని, 40 కిలోలు రాత్రి కాచి పెట్టడానికి సట్టిలు యాడున్నాయి, పెట్టడానికి చోటు యాడుంది? పొద్దున వండి మధ్యాన్నం పెట్టడం మొదలుపెట్టాం, అల్యూమినియం డేగిసాల్లో. అమ్మ మణికట్టుకి కట్టు కట్టుకుని వండింది. రుచి పోయింది, మాకే తెలిసింది. వచ్చినోళ్లు ఫోన్లో ఒక్క స్టారు ఇచ్చి "ఓవర్ హైప్" అని రాసి పోయారు. నెల తిరిగేసరికి నాన్న ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మళ్లీ 15 కిలోలే తెచ్చాడు. ఇప్పుడు ఒంటిగంటన్నరకి అయిపోతది, అయిపోతే షట్టరు సగం దించేస్తాడు. టీవీ వాళ్లు యాంకరు ఫోటో ఫ్రేము కట్టించి ఇచ్చారు, అది వాటర్ క్యాన్ల వెనకాల ఉంది.

అందుకని అన్నా, ఎపిసోడ్ ఎప్పుడు వచ్చిందో కనుక్కోండి. వచ్చిన నెలలో అస్సలు పోవద్దు. ఆరునెల్లు దాటినాక పోండి, ఆదివారం వద్దు, సోమవారమో మంగళవారమో పన్నెండుంబావుకి కూర్చోండి. యాంకరు తిన్నది అడగొద్దు, పక్క టేబుల్లో రోజూ వచ్చేటోడు ఏం తింటా ఉన్నాడో అది చెప్పండి.

నాయుడుపేట టు డాలస్

గల్లాపెట్టె తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివి మా ఇంటామెకి చదివి వినిపించా. ఇక్కడ అమెరికాలో గై ఫియెరీ అని ఒకాయన ఉన్నాడు, పసుప్పచ్చ జుట్టు ముళ్లపందిలాగా నిలబెట్టుకుని, టాపు లేని ఎర్ర కమారో కారేసుకుని ఊరూరా తిరుగుతాడు, 'డైనర్స్, డ్రైవ్ ఇన్స్ అండ్ డైవ్స్' అని ఫుడ్ నెట్‌వర్క్‌లో 2007 నుంచి వస్తానే ఉంది. మేమిద్దరం ఏ ఊరు పోయినా ముందు ఆ ఊళ్లో ఆయన తిన్న చోటు ఉందేమో చూస్తాం, అదొక పిచ్చి మాకు. ఆయన పోయిన చోట గోడ మీద ఆయన మొహం స్ప్రే పెయింటుతో అచ్చు కొట్టుంటది, మన ఫ్లెక్సీ లాంటిదే అనుకోండి.

ఒక తేడా ఏంటంటే ఆయన ముందు వంటింట్లోకి పోతాడు. వండేటాయన పక్కనే నిలబడి ఏం వేశాడు, ఎంతసేపు ఉడికించాడు అంతా అడిగి చూపించినాకే తినడం. మనోళ్లు ఆకు ముందు కూర్చోబెట్టి తినడం మాత్రమే చూపిస్తారు. వంట చూపించిన ప్రోగ్రాం అయితే పోవచ్చు అని నా లెక్క, ఎందుకంటే మనిషి మారినా పద్ధతి అదేనా కాదా అని మనకి తెలుస్తది. మన దేశంలో కూడా రాకీ, మయూర్ అని ఇద్దరు 'హైవే ఆన్ మై ప్లేట్' అని చేసేవాళ్లు ఎన్డీటీవీ గుడ్ టైమ్స్‌లో, దాబాలన్నీ తిరిగారు.

మేమూ దెబ్బలు తిన్నాం. ఎపిసోడ్ ఏ సంవత్సరానిదో చూసుకోకుండా రెండు గంటలు డ్రైవ్ చేసి పోతే హోటలే లేదు. అప్పట్నించి ముందు ఫోను. ఇంకోటి, ఇక్కడ టెక్సాస్‌లో బార్బెక్యూ హోటళ్లలో మాంసం ముందురోజు రాత్రే పొగలో పెడతారు, తెల్లవార్లూ కాలుతుంది, పొద్దున 11కి తలుపు తీస్తారు, అయిపోతే అయిపోయింది అని బోర్డు తిప్పేస్తారు, ఎవరూ గొడవ చెయ్యరు, ముందే వచ్చి క్యూలో నిలబడతారు. మీ నాన్నగారు చేసింది అదే తమ్ముడూ. షట్టరు దించమను.

మూలాపేట మొనగాడు

కారం దోశ గురించి ఒక్కరూ చెప్పలా. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు పోండి, అంతే. మే నెలలో సాయంత్రం పిండి పులిసిపోద్ది, పెనం మీద ఎర్రగా కనపడినా నోట్లో పుల్లగా ఉంటది. ఎండుమిరపకాయలు నానబెట్టి ఉల్లిపాయ, తెల్లగడ్డ, ఉప్పేసి రుబ్బిన ఎర్రకారం పచ్చిగా పూస్తారు, అది దోశ వేడికే మగ్గాల. పైన పప్పుల పొడి, నెయ్యి. పెనం మీద నుంచి ప్లేట్లోకి, ప్లేట్లోంచి నోట్లోకి. పార్సిల్ కట్టించుకుంటే అట్టముక్క. టీవీ వాళ్లు ఐదు నిమిషాలు తుంచి చూపిస్తా మాట్లాడతారే, ఆ అమ్మాయి తినేసరికి అది కూడా అట్టముక్కే అయ్యుంటది. పిల్లలకి కారం లేకుండా నెయ్యి దోశ చెప్పండి, అయితే అదే పెనం కాబట్టి ముందు వాళ్లది వేయించండి, కారం దోశ వేసినాక వేస్తే అంచుకి ఘాటు తగులుద్ది.

నాయుడుపేట టు డాలస్

పప్పుల పొడి వేసేది ఈమధ్య వచ్చింది కదా? మా చిన్నప్పుడు కారం, నెయ్యి అంతే.

మూలాపేట మొనగాడు

మీ నాయుడుపేటలో వెయ్యకపోతే మాకేం సంబంధం అన్నా.

కనిగిరి అల్లుడు

వెళ్లొచ్చాం. లేటయింది రాయడానికి, వచ్చిన రోజు నుంచి ఆఫీసు.

శనివారం ఒంగోలు. పన్నెండు నలభైకి ఆకు ముందు కూర్చున్నాం. బాగుంది, టీవీలో అన్నంత కాదు గానీ గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ పెట్టి ఇచ్చారు, అత్తగారు రెండుసార్లు వేయించుకున్నారు. మైసూరుపాకు కట్టించాం, గిత్త అన్నా, సీటుకి అంటింది.

కావలి దగ్గర దాబా లేదు. అదే చోట టైర్ల షాపు ఉంది. దాబా బోర్డు తీయకుండా దాని మీదే టైర్ల పేరు రాశారు, కింద "భోజనం" అన్న అక్షరాలు ఇంకా కనపడతా ఉన్నాయి. మా వాడు "నాన్నా టైరు భోజనం" అని నెల్లూరు దాకా నవ్వాడు. ఫోను చేసి ఉండాల్సింది, డాలస్ అన్న చెప్పాడు, నేనే బద్ధకించా.

సోమవారం పొద్దున ఏడుంబావుకి కారం దోశ. ఇదైతే టీవీలో చూపించిన దానికన్నా బాగుంది, నిజం. దోశ మాస్టరు మనల్ని చూడడు, మాట్లాడడు, సగం కోసిన ఉల్లిపాయ పెనం మీద రుద్దడం, నీళ్లు చిలకరించడం, నాలుగు దోశలు వరసగా పోయడం, కారం గిన్నె అడుగుతోనే గుండ్రంగా పూసుకుంటా పోవడం. పక్కన నిలబడి చూస్తా ఉంటే కళ్లెంట నీళ్లు కారినయి ఆ ఘాటుకి. మొనగాడు అన్న చెప్పినట్టు పిల్లల దోశ ముందు వేయించా. అయినా మా పాప నానమ్మ ప్లేట్లోంచి ఒక ముక్క లాక్కుని తిని ఏడ్చింది, మూడు గ్లాసుల నీళ్లు తాగి మళ్లీ ఇంకో ముక్క అడిగింది. సారీ, నానమ్మ కాదు అమ్మమ్మ, మా ఇంటామె చదివి సరిచేయమంది.

ఇక పులుసు. అదే రోజు మధ్యాన్నం మైపాడు రోడ్డు వైపు. లిస్టులో రాసుకున్న గుర్తులు పట్టుకుని అడుక్కుంటా పోయేసరికి ఒంటిగంటయింది. బయట పలక మీద సుద్దముక్కతో "ఈరోజు: కొరమేను" అని రాసుంది. ఒక్కటే పేరు. నేను అత్తగారి వైపు చూశా, వంజరం కోసమే వచ్చిన మనిషి, ఏమంటారో అని. గల్లాలో ఉన్న పెద్దాయన ఏమీ అడక్కముందే "ఇప్పుడు సముద్రం బంద్ అమ్మా, చెరువుదే" అన్నాడు. ఆవిడ "ఐసుది పెట్టలేదు కదా, చాల్లే నాయనా" అని కూర్చున్నారు. పులుసు చల్లారి ఉంది, అన్నం పొగలు. మామిడికాయ టెంక చీకతా అరగంట ఎవరితోనూ మాట్లాడలా, పోయినేడు కార్లో మాట్లాడకపోవడం వేరు ఇది వేరు. మేం ముగించేసరికి వెనకాల షట్టరు సగం దిగింది, బయటినుంచి ఎవరో "అయిపోయిందా" అంటా వంగి చూస్తా ఉన్నారు. చేతులు కడుక్కోడానికి పోతే కుళాయి పక్కన వాటర్ క్యాన్లు, వాటి వెనకాల ఫ్రేము అంచు కనపడింది, కొంచెం జరిపి చూశా, యాంకరమ్మాయే.

గల్లాపెట్టె తమ్ముడూ, మీదేనా? నువ్వు కనపడలేదే మరి.

గల్లాపెట్టె

నేను ఆ రోజు బ్యాంకు పరీక్షకి గూడూరు పోయా అన్నా. రాత్రి నాన్న చెప్పాడు, ఎవరో పెద్దావిడ పార్సిల్లో చేప ముక్కలొద్దు మామిడికాయ ముక్కలు నాలుగు వేసి పులుసు మాత్రం కట్టమన్నదని, డబ్బులు తీసుకోలేదని.

కనిగిరి అల్లుడు

ఆవిడే. ఆ పులుసు హైదరాబాదు దాకా రాలేదులే, కనిగిరిలోనే అయిపోయింది.